లెక్క తేలడానికి ఎన్ని కాన్పులు కావాలి?

హెచ్‌ఐవి ఉన్న గర్భిణులు వాడే మందులు వారి బిడ్డలకు ఎంతవరకు క్షేమం అన్నది ఈ ప్రసంగ విషయం. ఆ మందులు బిడ్డకు వైరస్ సోకకుండా కాపాడతాయని ముప్పయ్యేళ్ళ కిందటే రుజువైంది. కాపాడే మందే కడుపులోని బిడ్డకు మరో రకంగా హాని చేస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం అంత త్వరగా జవాబు దొరకదు. ఎందుకు దొరకదో, దొరికేదాకా ఎవరు ఏం చేయాలో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని, జనాభా తక్కువగా ఉన్న బోట్స్వానా అనే దేశం ఏడెనిమిదేళ్ళ పాటు ఓపికగా వేసిన ఒక లెక్క వల్ల లోకానికి తెలిసింది.

తల్లి నుంచి బిడ్డకు వైరస్ మూడు దశల్లో సోకవచ్చు. కడుపులో ఉండగా సోకవచ్చు, కాన్పు సమయంలో సోకవచ్చు, ఆ తరవాత తల్లిపాల ద్వారా సోకవచ్చు. ఏ చికిత్సా లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు ఈ ప్రమాదం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగి 1994లో ఫలితం వెల్లడైన ఒక పరీక్షలో, జిడోవుడిన్ అనే ఒక్క మందును గర్భిణికీ, నొప్పుల సమయంలోనూ, పుట్టిన బిడ్డకూ ఇచ్చినప్పుడు, సోకే రేటు 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడిపోయింది. పరిశోధకులు 076 అనే సంఖ్యతో పిలుచుకునే ఆ పరీక్షలో 363 మంది బిడ్డల ఫలితం తెలిసేసరికే తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, ఇక కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తూ పోవడం న్యాయం కాదని పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. శ్రోతలు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. మందు మేలు చేస్తుందని తేల్చడానికి 363 మంది బిడ్డలు సరిపోయారు.

కీడు సంగతి అలా తేలలేదు. ఆ పరీక్షలో పుట్టి, వైరస్ సోకని పిల్లల్లో 234 మందిని, అంటే మందు అందినవారినీ ఉత్తుత్తి మాత్ర అందినవారినీ కలిపి, ఆ తరవాత కూడా గమనిస్తూ వచ్చారు. సగటున నాలుగేళ్ళు దాటిన వయసులో వారి ఎదుగుదలలో, తెలివిలో, గుండె పనితీరులో రెండు వర్గాల మధ్య తేడా ఏదీ కనిపించలేదని 1999లో ప్రకటించారు. అదే ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులు ఇందుకు భిన్నమైన వార్త చెప్పారు. తల్లి కడుపులో ఉండగా ఇలాంటి మందుల ప్రభావానికి లోనై, వైరస్ మాత్రం సోకని ఎనిమిది మంది పిల్లల్లో మైటోకాండ్రియా, అంటే కణానికి కావలసిన శక్తిని తయారుచేసే సూక్ష్మభాగాలు, సరిగా పనిచేయడం లేదని, వారిలో ఇద్దరు చనిపోయారని వారు రాశారు. వారు గమనించిన తల్లీబిడ్డల జంటలు 1,754. ఈ రెండు ఫలితాల్లో ఏది నమ్మాలి? రెండూ నమ్మదగినవే కావచ్చు. 1,754 మందిలో ఎనిమిది మందికి వచ్చే సమస్య 234 మందిలో ఒక్కరికీ కనిపించకపోవడంలో వింత ఏమీ లేదు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికే మెతుకులన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి కనుక ఆ పరీక్ష చెల్లుతుంది. బియ్యంలో రాళ్ళున్నాయా అన్న ప్రశ్నకు ఆ పరీక్ష చెల్లదు. ఒక గుప్పెడు తీసి చూస్తే రాయి లేనంత మాత్రాన బస్తా అంతా శుభ్రమని చెప్పలేము; ఆ గుప్పెట్లో రెండు రాళ్ళు వచ్చినంత మాత్రాన బస్తా అంతా రాళ్ళేనని పారబోయనూ లేము. చేటలో పోసి, వరసగా, ఓపికగా ఏరుతూ పోతేనే సంగతి తేలుతుంది. వైరస్ బిడ్డకు సోకకుండా మందు ఆపుతుందా అన్నది మెతుకు పట్టి చూసే ప్రశ్న. వెయ్యి కాన్పుల్లో ఒకసారి మాత్రమే కనిపించే అవయవలోపం మందు వల్ల పెరుగుతోందా అన్నది రాళ్ళేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే కొలత పనికిరాదు.

అలా రాళ్ళేరే పని బోట్స్వానాలో జరిగింది. అప్పట్లో అక్కడ గర్భిణుల్లో సుమారు నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవి ఉండేది. కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతాయి, చికిత్స ప్రభుత్వమే ఇస్తుంది, గర్భిణి చేతిలోని ప్రసూతి కార్డులో ఏ మందు ఏ తేదీన మొదలైందో రాసి ఉంటుంది. ఇలాంటి లెక్కకు ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. 2014 ఆగస్టులో అక్కడ త్సెపామో అనే పేరుతో ఒక నమోదు కార్యక్రమం మొదలైంది. బోట్స్వానా ఆరోగ్య శాఖ, గాబరోన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం భాగస్వామ్యంతో పనిచేసే ఎయిడ్స్ పరిశోధన సంస్థ కలిసి దీన్ని నడిపాయి. మొదట ఎనిమిది పెద్ద ఆసుపత్రుల్లో, తరవాత మరిన్ని ఆసుపత్రుల్లో, హెచ్‌ఐవి ఉన్నా లేకున్నా ప్రతి కాన్పునూ నమోదు చేశారు. లేనివారిని కూడా ఎందుకు నమోదు చేయాలంటే, మందు లేకుండానే ఎంతమంది బిడ్డలకు లోపాలు వస్తాయో తెలియనిదే మందు వల్ల ఎన్ని వచ్చాయో చెప్పడం కుదరదు.

అక్కడ జరిగే పని చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. కాన్పు చేసిన నర్సు బిడ్డ తల ఆకారం చూస్తుంది, అంగిలి చూస్తుంది, వేళ్ళు లెక్కపెడుతుంది, బోర్లా తిప్పి వెన్ను పొడవునా పరిశీలిస్తుంది, చూసింది చూసినట్టు రిజిస్టరులో రాస్తుంది. ఏదైనా లోపం కనిపిస్తే తల్లి అనుమతి తీసుకుని ఆ భాగాన్ని ఫొటో తీస్తారు. ఆ ఫొటో అవయవలోపాల నిపుణుడి దగ్గరకు వెళుతుంది. తల్లికి హెచ్‌ఐవి ఉందో లేదో, ఏ మందు వాడిందో ఆయనకు చెప్పరు, ఎందుకంటే ముందే తెలిస్తే కన్ను తనకు తెలియకుండానే ఒక వైపు మొగ్గుతుంది. ప్రయోగశాలలోని ఖరీదైన యంత్రాల కన్నా ఈ నర్సుల చూపు మీదా, రిజిస్టరు మీదా ఎక్కువగా ఆధారపడిన పరిశోధన ఇది.

విచిత్రమేమిటంటే, ఈ లెక్క మొదలైనది ఒక మందు కోసం, పట్టుకున్నది మరో మందును. ఎఫావిరెంజ్ అనే పాత మందు గర్భం దాల్చిన కోతుల మీద జరిగిన ప్రయోగంలో కొన్ని పిల్లల్లో లోపాలు కలిగించినట్టు కనిపించడంతో, పిల్లలు కనే వయసులోని స్త్రీలకు దాన్ని ఇవ్వడానికి ఏళ్ళ తరబడి వెనకాడారు. ఆ భయంలో నిజమెంతో తేల్చాలన్నది మొదటి ఉద్దేశం. ఈలోగా 2016లో బోట్స్వానా ప్రభుత్వం డోలుటెగ్రవిర్ అనే కొత్త మందును ప్రధాన చికిత్సగా తీసుకుంది. ఇది రోజుకు ఒక్క మాత్రతో, తక్కువ దుష్ప్రభావాలతో, రక్తంలోని వైరస్‌ను త్వరగా తగ్గిస్తుంది. ఆ త్వరే గర్భిణికి ప్రాణాధారం. ఉగాండా, దక్షిణాఫ్రికా దేశాల్లో ఏడో నెల దాటాక చికిత్స మొదలుపెట్టిన స్త్రీల మీద జరిగిన పరీక్షలో, కాన్పు నాటికి వైరస్ దాదాపు కనిపించని స్థాయికి తగ్గినవారు ఎఫావిరెంజ్ వర్గంలో నూటికి 43 మంది అయితే, డోలుటెగ్రవిర్ వర్గంలో 74 మంది.

2018 మే నెలలో త్సెపామో లెక్కల్లో ఒక అంకె అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. గర్భం దాల్చే నాటికే డోలుటెగ్రవిర్ వాడుతున్న తల్లుల కాన్పులు 426 నమోదైతే, వాటిలో నలుగురు బిడ్డలకు నాడీనాళ లోపం ఉంది. నాడీనాళం అంటే పిండంలో మెదడుగా, వెన్నుపాముగా రూపొందే గొట్టం. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ పుర్రె, మెదడు పూర్తిగా ఏర్పడకపోవచ్చు, లేదా వెన్ను తెరుచుకుని ఉండవచ్చు. నాలుగు వందల ఇరవై ఆరులో నలుగురు అంటే వెయ్యికి తొమ్మిది మందికి పైనే. ఇతర హెచ్‌ఐవి మందులతో గర్భం దాల్చిన 11,300 కాన్పుల్లో అలాంటి బిడ్డలు 14 మంది, అంటే వెయ్యికి ఒకరు చొప్పున మాత్రమే. ముందు నుంచీ లెక్క రాసి ఉండబట్టే పోల్చడానికి ఈ రెండో అంకె చేతిలో ఉంది. అది లేకపోతే ఆ నలుగురు బిడ్డలు నాలుగు విడివిడి దురదృష్టాలుగా మిగిలిపోయేవారు.

తేదీల విషయం కూడా ఇక్కడే తెలుస్తుంది. గర్భం నిలిచిన 28 రోజుల లోపే, చాలామంది స్త్రీలకు నెల తప్పిన సంగతి ఇంకా తెలియకముందే, నాడీనాళం మూసుకుపోతుంది. అందువల్ల గర్భం వచ్చాక మందు మొదలుపెట్టినవారిలో ఈ ప్రమాదం ఉండకూడదు. లెక్కలో కూడా అలాగే తేలింది. గర్భం సమయంలో డోలుటెగ్రవిర్ మొదలుపెట్టిన 2,812 మందిలో ఒక్క బిడ్డకూ ఈ లోపం లేదు. మందు పేరు ఒక్కటే తెలిసి, మొదలైన తేదీ తెలియకపోతే ఈ రెండు వర్గాలూ కలగలిసిపోయి, లెక్క మొత్తం చెడేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూరప్, అమెరికా మందుల నియంత్రణ సంస్థలు ఆ మే నెలలోనే హెచ్చరికలు జారీ చేశాయి. హెచ్చరించడం తప్పు కాదు. చేతిలో ఉన్న సమాచారాన్ని దాచడం అంతకన్నా పెద్ద తప్పయ్యేది. అయితే హెచ్చరిక కాస్తా కొన్ని దేశాల్లో నిషేధంగా మారింది. పిల్లలు కనే వయసులోని స్త్రీ నమ్మకమైన గర్భనిరోధక సాధనం వాడుతున్నట్టు తేలితేనే ఈ మందు ఇస్తామన్నారు. పురుషులకు కొత్త మందు, స్త్రీలకు పాత మందు అన్న పరిస్థితి ఏర్పడింది. 2018 జులైలో 18 ఆఫ్రికా దేశాలకు చెందిన, హెచ్‌ఐవితో జీవిస్తున్న స్త్రీలు రువాండా రాజధాని కిగాలిలో సమావేశమై దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ప్రమాదం ఎంతో, ప్రయోజనం ఎంతో వివరంగా చెప్పి, నిర్ణయం తమకు వదిలేయాలన్నది వారి మాట. వారి వాదనలో బలముంది. పిల్లల్ని కనే ఉద్దేశమే లేని స్త్రీకి కూడా మేలైన మందు అందకుండా చేయడాన్ని బిడ్డల రక్షణ పేరుతో సమర్థించడం కష్టం. పైగా 2013లోనే అమెరికాలో అనుమతి పొందిన మందు గురించి 2018 నాటికి ప్రపంచం దగ్గర ఉన్నది 426 కాన్పుల లెక్కే కావడానికి కారణం, కొత్త మందుల పరీక్షల్లో గర్భిణులను చేర్చుకోకపోవడం, మధ్యలో గర్భం వస్తే తప్పించడం అన్న పాత అలవాటు. రక్షించాలనుకునే అలవాటే వారిని సమాచారం లేకుండా వదిలింది.

వెయ్యిలో ఒకరికి వచ్చే లోపం మూడు రెట్లు పెరిగిందా లేదా అని గట్టిగా చెప్పాలంటే కనీసం 2,000 కాన్పులు కావాలని నిపుణులు అప్పుడే లెక్కగట్టారు. నర్సులు బిడ్డల వెన్ను చూడడం మానలేదు. గర్భం దాల్చే నాటికే డోలుటెగ్రవిర్ వాడుతున్న తల్లుల కాన్పులు 2019 జులై నాటికి 1,683. లోపం ఉన్న బిడ్డలు ఐదుగురు. అంటే వెయ్యికి ముగ్గురు. 2020 నాటికి కాన్పులు 3,591, బిడ్డలు ఏడుగురు. అంటే వెయ్యికి ఇద్దరు. 2022 నాటికి కాన్పులు 9,460; బిడ్డలు పదిమంది. అంటే వెయ్యికి ఒకరు. వెయ్యికి తొమ్మిది, ఆ తరవాత మూడు, ఆ తరవాత రెండు, చివరికి ఒకటి. ఇతర మందులు వాడిన తల్లులతో గానీ, హెచ్‌ఐవి లేని తల్లులతో గానీ పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మరో విధంగా చెప్పాలంటే, మొదటి 426 కాన్పుల్లో నలుగురు కనిపిస్తే, ఆ తరవాతి 9,034 కాన్పుల్లో ఆరుగురే కనిపించారు.

అలాగని మొదటి లెక్క అబద్ధమా? కాదు. ఆ నలుగురు బిడ్డలు నిజం, వారి తల్లుల దుఃఖం నిజం. భిన్నంలో పై అంకెను లవమనీ, కింది అంకెను హారమనీ బడిలో అందరూ నేర్చుకున్నదే. లవంలోని నలుగురు మారలేదు. వారి కింద ఉన్న హారం చాలనంత చిన్నది. ఒక చోట నాలుగు రాళ్ళు వరసగా తగలడం యాదృచ్ఛికం కావచ్చునని చేట ఖాళీ అయ్యేదాకా ఏరినవారు మాత్రమే చెప్పగలరు. 2019 జులైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ డోలుటెగ్రవిర్‌ను స్త్రీలు సహా అందరికీ ప్రధాన చికిత్సగా సిఫారసు చేసింది. భారతదేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2021 మార్గదర్శకాల్లో గర్భిణులకు కూడా ఇదే మందు ఉన్న మాత్రను సూచించింది. తొమ్మిది దేశాల్లో జరిగిన మరో పెద్ద పరీక్షలో భారతీయ గర్భిణులు కూడా పాల్గొన్నారు; అందులో సైతం ఈ మందు మెరుగైనదిగానే తేలింది.

శ్రోతలు అడగదగిన మరో ప్రశ్న ఉంది. పుట్టిన రోజున కంటికి కనిపించే లోపాల సంగతి సరే, కనిపించనివాటి సంగతేమిటి? హెచ్‌ఐవి ఉన్న తల్లికి పుట్టి, వైరస్ సోకకుండా పెరుగుతున్న పిల్లలు ప్రపంచంలో సుమారు కోటీ అరవై లక్షల మంది ఉన్నారు. వీరిలో నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం, తొలి రెండేళ్ళలో అంటురోగాల బారిన పడడం ఇతర పిల్లల్లో కన్నా కొంత ఎక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. దక్షిణాఫ్రికాలోని ఒక అధ్యయనంలో రెండేళ్ళ వయసుకు మాటలు రావడంలో కొంత ఆలస్యం కనిపించింది. ఇందులో మందు పాలెంత, తల్లి అనారోగ్యం పాలెంత, ఇంటి పేదరికం పాలెంత అన్నది విడదీయడం చాలా కష్టమైన పని. అమెరికాలో స్మార్ట్ అనే అధ్యయనం 2007 నుంచి ఇలాంటి పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ, వినికిడి, భాష, ఎదుగుదల, గుండె పనితీరు పరీక్షిస్తోంది. బోట్స్వానాలోనూ ఫ్లరిష్ అనే అధ్యయనం పాత పరిశోధనల్లో పాల్గొన్న తల్లులనూ, యుక్తవయసుకు వస్తున్న వారి పిల్లలనూ మళ్ళీ వెతికి పట్టుకుని చేర్చుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చదువు గురించి అడిగే ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఎనిమిదేళ్ళు ఆగక తప్పదు.

ఇక మన ఇళ్ళ సంగతి. నెవిరపిన్ అనే మందు ఒక్క మోతాదుతో సరిపెట్టే పాత పద్ధతి బదులు గర్భిణులకు పలు మందులు కలిపి ఇచ్చే పద్ధతి మన దేశంలో 2012 సెప్టెంబరులో మొదట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల్లోనే మొదలైంది. 2014 జనవరి నుంచి దేశమంతటా అమలవుతోంది. ఇలాంటి మందులు వాడే తల్లికి బోట్స్వానా లెక్కలో పనికివచ్చే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. మందు పేరు, మొదలైన తేదీ రాసి ఉన్న చికిత్స పుస్తకాన్ని జాగ్రత్త చేయాలి. మందు మారిస్తే, మారిన తేదీ కూడా అందులో రాయించుకోవాలి. గర్భం రావాలనుకుంటున్నప్పుడు ఆ మాట ఏఆర్టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవి మందులు ఇచ్చే కేంద్రంలో, ముందే చెప్పాలి. నాడీనాళం మూసుకునేది తొలి నాలుగు వారాల్లోనే కనుక, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా గర్భం రాకముందే మొదలుపెట్టడం అందరు స్త్రీలకూ మంచిది. మందు గురించి భయపెట్టే వార్త ఏదైనా చెవిన పడితే, పుస్తకం పట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి గానీ, ఇంట్లోనే మాత్రలు మానేయకూడదు. మానేసిన వారాల్లో రక్తంలో వైరస్ మళ్ళీ పెరుగుతుంది. బిడ్డకు సోకే ప్రమాదం, ఏ మందుకూ లేనంత కచ్చితంగా రుజువైన ప్రమాదం, తిరిగి వస్తుంది. మరోసారి చెప్పుకోవాలి. మాత్రలు మానకూడదు, పుస్తకం పారేయకూడదు.

బిడ్డ పరీక్షలు కూడా పూర్తి చేయించాలి. ఆరో వారంలో బిడ్డ మడమకు చిన్న సూది గుచ్చి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక అట్టకాగితం మీద అద్ది, ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. ఆరో నెలలోనూ, ఏడాదికీ మళ్ళీ చూస్తారు. తల్లి నుంచి బిడ్డ రక్తంలోకి వచ్చిన ప్రతిరక్షకాలు, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి తల్లి శరీరం తయారుచేసుకున్న పదార్థాలు, పద్ధెనిమిది నెలల దాకా ఉండిపోవచ్చు కనుక, ఆ వయసుకు చేసే పరీక్షే చివరి మాట. తొలి పరీక్షలో నెగటివ్ రాగానే రావడం మానేసే కుటుంబాలు తక్కువేమీ కావు. దూరం, కూలి పోవడం, నలుగురి కంట పడతామన్న భయం, ఇవన్నీ అందుకు కారణాలే. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవి వివరాలు బయటపెట్టడం 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషిద్ధమని అలాంటి కుటుంబాలకు తెలియాలి. ఏ కేంద్రానికి వెళ్ళాలో, ఏ పరీక్ష ఎప్పుడో తెలుసుకోవడానికి దేశమంతటా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేవారు పేరు చెప్పనక్కర లేదు.